మా ఇంట్లో లేని గది

ఆ రోజు శనివారం. మా ఊరి మందిరం పక్కనున్న రేకుల షెడ్డులో తెలుగు బడి జరుగుతోంది. గురువుగారికి ఒంట్లో బాగాలేకపోతే చిన్నపిల్లలకు గుణింతాలు చెప్పే పని నాది. పెద్దవాళ్ళ ఎదుట నాకు నోరు పెగలదు గానీ పిల్లల ఎదుట గొంతు లేస్తుంది. ‘కా’ అయింది, ‘కి’ అయింది, ‘కీ’ దగ్గర దగ్గు వచ్చింది. ఎంతసేపటికీ ఆగలేదు. "మిస్ ‘కీ’ దగ్గర ఇరుక్కుపోయింది" అని వెనక బల్ల మీద ఒక పిల్ల అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి రుమాలు చూసుకున్నాను. తెల్లటి గుడ్డ మీద ఎర్రటి దారపు పోగు లాంటిది కనిపించింది.

రుమాలు మడిచి దాచేశాను. మిగతా గుణింతం పిల్లల చేతే చదివించాను.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. మా మారిషస్‌కు స్వాతంత్ర్యం రావడానికి నాలుగేళ్ళ ముందు మాట. సాంత్ర్ ద ఫ్లాక్ అనే టౌను నుంచి బస్సెక్కితే ఇరవై నిమిషాల్లో మా ఊరు. చుట్టూ చెరకు. ఇంట్లో అయిదుగురం: అమ్మ, అన్న, వదిన, వాళ్ళ ఏడు నెలల పాప, నేను. నాయన నా చిన్నప్పుడే పోయాడు. అన్న చక్కెర మిల్లులో పని చేస్తాడు. పెద్ద తుఫానులో గడ్డి ఇల్లు ఎగిరిపోయాక అన్న రేకులతో రెండు గదులు వేశాడు. ముందు గదిలో దేవుడి పటాలు, అన్న మంచం. వెనక గది ఆడవాళ్ళది. మంచం మీద వదిన, పాప. కింద చాప మీద అమ్మ, నేను. పెరట్లో మేకకు గడ్డీ, పొయ్యికి కట్టెలూ పెట్టుకునే చిన్న పాక. ఇదే మా ఇల్లంతా.

ఆరో తరగతి పాసై చదువు మానేశాక గురువుగారి ట్రంకుపెట్టెలోని తెలుగు పుస్తకాలు ఒక్కొక్కటే అడిగి తెచ్చుకుని చదివేదాన్ని. రోజూ డైరీ రాసేదాన్ని, తెలుగులోనే. మా ఇంట్లో తెలుగు కొంత మాట్లాడతారు గానీ చదవడం ఎవరికీ రాదు. నా పుస్తకానికి తాళం అక్కర్లేకపోయింది. రుమాలు సంగతి మూడు వారాల పాటు ఆ పుస్తకానికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. తెల్లారేసరికి జాకెట్టు చెమటతో తడిసిపోయేది. అమ్మ మిరియాల పాలు ఇచ్చింది, పసుపు పట్టించింది. "ఎండుకొయ్యలాగ అయిపోతున్నావు, ఏటి పిల్లా" అని రోజూ అనేది. చివరికి అన్న సెలవు పెట్టి నన్ను ఫ్లాక్‌లోని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

ఎక్స్-రే పలక చల్లగా ఛాతీకి ఆనింది. "ఊపిరి పీల్చు. పట్టి ఉంచు." పట్టి ఉంచడం నావల్ల కాలేదు, మూడుసార్లు తీశారు. గాజు సీసాలో కఫం పట్టి ఇవ్వమన్నారు. మరుసటి మంగళవారం ఛాతీ డాక్టరు వచ్చి ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి చూపించారు. ఆయన నర్సుతో ఇంగ్లీషు, అన్నతో ఫ్రెంచి, నాతో మా దీవి వాడుక భాష క్రియోల్ మాట్లాడారు. మూడూ నాకు అర్థమయ్యాయి. ఒక్కదానిలోనూ జవాబు చెప్పలేదు.

"కుడివైపు పైన ఈ నీడ చూడు. దీని మధ్యలో గుండ్రంగా ఉన్నది కేవిటీ, చిల్లు లాంటిది. స్ప్యూటమ్, అంటే కఫం, అది కూడా పాజిటివ్. ట్యూబర్‌క్యులోసిస్. భయపడకు. ఇప్పుడు మందులున్నాయి."

స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను ఆదివారం తప్ప రోజూ మా ఊరి డిస్పెన్సరీలో. పి.ఎ.ఎస్. అనే పొడి, ఐ.ఎన్.హెచ్. మాత్రలు ఇంట్లో. అన్నీ ఉచితం. ప్రభుత్వం ఇస్తుంది.

"మందు ఇంట్లోనూ పని చేస్తుంది" అన్నారు డాక్టరు. "కానీ నువ్వు దగ్గినప్పుడు పక్కనున్నవాళ్ళకు అంటుతుంది. అందుకని సముద్రం ఒడ్డున ఉన్న ఛాతీ ఆసుపత్రిలో పడక కోసం నీ పేరు రాస్తాను. పడకలు కొద్ది, పేర్లు ఎక్కువ. హెల్త్ విజిటర్ మీ ఇల్లు చూసి రిపోర్టు రాస్తుంది. ఆ తర్వాత వరస."

ఇంటికొచ్చాక అన్న అమ్మను పెరట్లోకి పిలిచి చెప్పాడు.  అమ్మ నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఆ జబ్బు పేరు ఈ ఇంట్లో ఎవరూ అనకూడదు. మీ వదినతో అసలే వద్దు. దాని పుట్టింటోళ్ళ నోరు ఫ్లాక్ సంత. ఛాతీలో నీరు పట్టిందని సెప్పు. నీకింకా పెళ్ళి కావాలే."

నేను సరేనన్నాను. ఎందుకు సరేనన్నానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను.

హెల్త్ విజిటర్ వచ్చే రోజు ముందే తెలిసింది. మా అమ్మకు ఇంటికి ఎవరైనా వచ్చి పిల్లను గురించి అడిగి, ఇల్లు చూసి, కాగితం మీద రాసుకుంటారంటే తెలిసింది ఒక్క సందర్భమే. ఇద్దరక్కల పెళ్ళిచూపులకు ఎలా చేసిందో అలాగే చేసింది. పాకలో గడ్డీ కట్టెలూ తీయించి మామిడిచెట్టు కింద పోగు వేసింది. గోడలకు సున్నం కొట్టింది. పక్కింటి నర్సమ్మత్త దగ్గర ఇనప మంచం, ఎదురింటివాళ్ళ దగ్గర ఎంబ్రాయిడరీ దుప్పటి, ఇంకెక్కడి నుంచో కిటికీకి గుడ్డ తెచ్చింది. కిటికీ అంటే మేకకు గడ్డి అందించే కంత. దానికి పూల గుడ్డ వేలాడితే నిజంగానే కిటికీలా ఉంది.

వదిన పాపను చంకనేసుకుని చూస్తూ నవ్వింది. "అత్తా, పెళ్ళివాళ్ళా వచ్చేది, నర్సా? లడ్డూలు కూడా సెయ్యాలా?"

"నువ్వు పిల్లనెత్తుకుని మీ పిన్ని ఇంటికి పో. సాయంత్రం దాకా రాకు" అంది అమ్మ.

విజిటర్ మధ్యవయసు మనిషి. గొడుగు మడిచి గడప దగ్గర పెట్టింది. ఫారం తీసి క్రియోల్‌లో అడిగింది. జబ్బు పడిన అమ్మాయి ఎక్కడ పడుకుంటుంది, ఆ గదిలో ఇంకెవరైనా పడుకుంటారా, చిన్నపిల్లలున్నారా అని.

"మా పిల్లకు వేరే గది ఉంది, మదాం" అంది అమ్మ. పాక తలుపు తెరిచి చూపించింది. "వేరే కంచం, వేరే గ్లాసు. చిన్నపిల్లలు ఇక్కడ లేరు."

విజిటర్ నా వైపు తిరిగింది. "నిజమేనా, మో తీఫీ, నా తల్లీ? ఇక్కడే పడుకుంటున్నావా?"

అమ్మ చేయి నా వీపు మీద ఉంది. నేను తల ఊపాను.

"చాలా శుభ్రంగా ఉంది. అందరి ఇళ్ళూ ఇలా ఉంటే నాకు పనే ఉండదు" అని రాసుకుని వెళ్ళింది. అమ్మ ముఖం వెలిగిపోయింది. సాయంత్రానికి మంచం నర్సమ్మత్త ఇంటికి వెళ్ళిపోయింది, దుప్పటి ఎదురింటికి వెళ్ళిపోయింది. నేను నిజంగానే పాకలో పడుకుంటానన్నాను. "వాన పడితే నడుం లోతు నీళ్ళు. పెళ్ళి కాని పిల్ల పెరట్లో ఒంటరిగా పడుకుంటే సూసినోళ్ళు ఏటంటారు?" అంది అమ్మ. గడ్డీ కట్టెలూ మళ్ళీ లోపలికి చేరాయి. నేను మళ్ళీ చాప మీదికి చేరాను, పాప మంచానికి మూరెడు దూరంలో.

అప్పటి నుంచి గోడవైపు తిరిగి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పడుకునేదాన్ని. పాప నా వైపు పాకి వస్తే లేచి బయటికి పోయేదాన్ని. వదినకు అసలు సంగతి తెలియదు. ఒకరోజు పాపను నా ఒళ్ళో పెట్టబోతే వెనక్కి జరిగాను.

"నీకు నా పిల్లంటే అసహ్యమా, అప్పలమ్మా?" అంది.

లేదని తల అడ్డంగా ఊపాను.  ఆ తర్వాత తను పాపను నా దగ్గరికి తేవడం మానేసింది. నాకు కావలసిందీ అదే. అయినా ఆ రోజు డైరీలో రెండు పేజీలు రాశాను.

డిస్పెన్సరీలో ఇంజెక్షను కోసం బల్ల మీద వరసగా కూర్చునేవాళ్ళం. నా పక్కన రోజూ రోజ్‌లీన్ అనే క్రియోల్ జాతి ఆవిడ ఉండేది. బట్టలుతికే పని చేస్తుంది. మొగుడు చేపల పడవ మీద పోయి తిరిగి రాలేదు. నలుగురు పిల్లలు, ఒకే గది. ఆవిడ మాట్లాడేది, నేను వినేదాన్ని. అలా మాకు కుదిరింది. "నీతో మాట్లాడితే చర్చి ఫాదర్‌తో చెప్పుకున్నట్టు ఉంటుంది. నువ్వే నయం, ప్రార్థనలు చెయ్యమనవు" అనేది.

పి.ఎ.ఎస్. తాగితే కడుపులో తిప్పేది. వాంతయ్యేది. ఎవరూ చూడకుండా సగం పొడి కాలవలో పారబోయడం మొదలుపెట్టాను. మూడు నెలలకు ఫ్లాక్ ఆసుపత్రిలో మళ్ళీ స్ప్యూటమ్ చూశారు. "ఇంకా పాజిటివే" అన్నారు డాక్టరు. నా ముఖం చూసి మళ్ళీ అడిగారు. "పొడి మొత్తం తాగుతున్నావా?" తల ఊపాను. తల ఊపడం ఎంత సులువో అప్పటికే నేర్చుకున్నాను.

ఆ మంగళవారమే రోజ్‌లీన్ డాక్టరు బల్ల ముందు నిలబడి అడిగింది. "దొక్తెర్, నా పేరు ఆ పుస్తకంలో ఉందా, లేక దాని మీద కాఫీ ఒలికిందా?"

డాక్టరు నవ్వారు. పుస్తకం తీసి మా వైపు తిప్పారు. "పడకలు ప్రభుత్వం ఇచ్చినన్నే. వాటిని పెంచడం నా చేతిలో లేదు. ఎవరు ముందన్నది మాత్రం నేను రాయాలి. స్ప్యూటమ్ పాజిటివ్ ఉండి, చిన్నపిల్లలతో ఒకే గదిలో పడుకునేవాళ్ళు ముందు. పెద్దవాళ్ళతో గది పంచుకునేవాళ్ళు ఆ తర్వాత. వేరే గది ఉన్నవాళ్ళు చివర. వాళ్ళకు జబ్బు తక్కువని కాదు. వాళ్ళ వల్ల ఇంకొకరికి అంటుకునే భయం తక్కువ."

"మరి చెరకు ఎస్టేటు దొరగారి చుట్టం వస్తే?"

"అతని పేరూ ఈ పుస్తకంలోనే, ఈ వరసలోనే." ఆయన నన్ను చూపించారు. "ఈ అమ్మాయిని చూడు, ఎంత ఓపికో. ఇంట్లో వేరే గది ఉంది, కిటికీ కూడా ఉందట. అందుకే ఆగుతోంది."

బెంచీ మీదున్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. "కిటికీ కూడానా! బోన్జ్యే, ఓ దేవుడా! నువ్వు రాణివి, మో తీఫీ" అంది రోజ్‌లీన్.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. నాలుక మీదికి వచ్చింది కూడా. తల దించుకుని కాలి వేళ్ళు చూసుకున్నాను.

బస్సులో ఆ వరస గురించే ఆలోచించాను. అందులో తప్పు నాకు కనిపించలేదు. అది పిల్లల్ని చూసి పెట్టిన వరస. నేనే రాయాల్సి వచ్చినా అలాగే రాసేదాన్ని. తప్పు మా కాగితంలో ఉంది. పుస్తకంలో నా పేరు చివర ఉండటానికి కారణం మేక గడ్డి పాక. పుస్తకంలో లేని మనిషి ఒకతి ఉంది, ఆ మనిషికి ఇంకా నడక కూడా రాలేదు.

అమ్మతో అన్నాను. "విజిటర్‌ను మళ్ళీ పిలుద్దాం అమ్మా. నిజం చెబుదాం."

"పిలిసి? నేను అబద్ధమాడానని సెప్తావా? లొపితాల్‌లో నర్సులంతా నవ్వుతారు. మందు తాగుతున్నావు కదా. తగ్గిపోద్ది."

అన్నతో అన్నాను. మిల్లు సీజను, పన్నెండు గంటల పని. "అమ్మతో మాట్లాడతాను" అన్నాడు. మాట్లాడినట్టు నాకు కనిపించలేదు.

ఇంకో నెల గడిచింది. పాపకు దగ్గు పట్టుకుంది. ముందు జలుబే అనుకున్నాం. జలుబు పోయాక కూడా దగ్గు పోలేదు. పాలు తాగేటప్పుడు ఆగి ఆగి ఆయాసపడేది. వదిన ఒకరోజు పాపను దీపం దగ్గర ఎత్తి పట్టుకుని, "ఇది బరువు తగ్గినట్టు లేదూ?" అని మామూలుగా అడిగింది. 

మరునాడు డైరీ ముందు కూర్చుని, డైరీలో కాకుండా విడి కాగితం మీద రాశాను. డాక్టరుగారికి తెలుగు రాదు. బడిలో నేర్చుకున్న ఇంగ్లీషులో, ఒక్కొక్క వాక్యం రెండుసార్లు రాసి చూసుకున్నాను. నాకు వేరే గది లేదని, విజిటర్ చూసింది మేక గడ్డి పాక అని, నేను పడుకునే గదిలో ఏడాది పాప ఉందని, పాప దగ్గుతోందని, పి.ఎ.ఎస్. సగం పారబోశానని రాశాను. మా అమ్మను ఏమీ అనవద్దని చివర రాశాను.

మంగళవారం డాక్టరు బల్ల మీద కాగితం పెట్టి గోడవైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

కాగితంలో మా అమ్మ గురించిన చివరి వాక్యం మీద వేలు పెట్టాను.

"నాలుగు నెలలు" అన్నారాయన. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది. "పాపను రేపే తీసుకురావాలి."

ఈసారి విజిటర్ చెప్పకుండా వచ్చింది. అమ్మ పెరట్లో పిడకలు ఎండబెడుతోంది. పాక నిండా గడ్డి. వెనక గదిలో మంచం మీద పాప నిద్రపోతోంది, కింద నా చాప చుట్టి ఉంది.  విజిటర్ పాత రిపోర్టు తీసి అడ్డంగా గీత గీసి కొత్తది రాసింది. రాస్తూనే వదినతో, ట్యూబర్‌క్యులోసిస్ ఉన్న మనిషి గదిలో పాపను ఇంకొక్క రోజు కూడా పడుకోబెట్టవద్దని చెప్పింది.

వదినకు ఆ పేరు వినడం అదే మొదటిసారి.

ఆమె కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. పాపను ఎత్తుకుంది. గుమ్మం దగ్గర ఆగి నన్ను చూసింది. "నాకు సెప్తే నేను పడుకునే సోటు మార్సుకునేదాన్ని కదే. సెప్పడానికి ఎంతసేపు పట్టేది నీకు?" అంది. ముందు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతూ, "నా ఇంటిని కాగితం మీద బోర్లించేశావు" అంది.   ఆమె ఎవరికీ చెడు చేద్దామని అనుకోలేదు. వచ్చినవాళ్ళ ముందు ఉన్నదాని కంటే బాగా కనిపించడమే ఆమెకు తెలిసిన మర్యాద. అదే మమ్మల్ని దెబ్బ తీసింది.

మరుసటి మంగళవారం ఒక పడక ఖాళీ అయింది. డాక్టరు పుస్తకంలో నా పేరు పైకి చేరింది. నా పైనుండాల్సిన రోజ్‌లీన్ పేరు కిందికి దిగింది. ఎందుకంటే ఆ మధ్యనే నర్సు చెప్పిన మాట విని తన నలుగురు పిల్లల్నీ రోజ్ హిల్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి పంపించేసింది. ఇప్పుడామె గదిలో పిల్లల్లేరు.

"పిల్లల్ని పంపమన్నది మీ నర్సే. చెప్పిన మాట విన్నందుకు వెనక్కి పొమ్మంటారా?" అంది రోజ్‌లీన్.

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఈ వరస పిల్లల్ని కాపాడటానికి పెట్టింది. నీ పిల్లల్ని నువ్వే కాపాడుకున్నావు."

"అయితే నాకు ఇదా బహుమానం?"

"అవును" అన్నారాయన. "ఇది న్యాయంగా లేదని నాకూ తెలుసు. ఇంకో పడక ఉంటే ఈ మాట అనేవాణ్ణి కాదు."

ఆవిడ నా వైపు తిరిగింది. "కిటికీ రాణికి పడక ఎందుకొచ్చింది మరి?"

ఆ గదిలో అంతమంది ముందు నేను మొదటిసారి గట్టిగా మాట్లాడాను. "గది లేదు. అది మేక గడ్డి పాక. మా అన్న పాప నా పక్కనే పడుకునేది, ఇప్పుడూ మా మధ్య ఒక్క రేకు గోడే."

రోజ్‌లీన్ నన్ను కిందికీ పైకీ చూసింది. చెంప మీద కొడుతుందేమో అనిపించింది. "తెలివితక్కువదానా" అంది. కాసేపటికి, "ఆలె. పో. ఆ పిల్ల దగ్గర నుంచి ముందు పో. ఇక్కడ నిలబడి నా మీద జాలి పడితే పడక ఇద్దరికీ పోతుంది" అని తన మందు సీసా తీసుకుని వెళ్ళిపోయింది.

ఛాతీ ఆసుపత్రి సముద్రం ఒడ్డున ఉంది. ఆడవాళ్ళ వార్డు పొడుగ్గా, అటూ ఇటూ పడకలతో. బయట ఫిలావో అనే సరుగుడు చెట్లు గాలికి ఈల వేస్తుంటాయి. నాకు మూల పడక వచ్చింది. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి. మిగతావాళ్ళకు అది శిక్ష. నాకు మాట్లాడకపోవడం కష్టం కాదు. కానీ మాట్లాడే ఇష్టం లేక మౌనంగా ఉండటం వేరు, మాట్లాడటానికి మనిషి లేక మౌనంగా ఉండటం వేరు. అక్కడ తెలుగు మాట వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. మా ఊరి మందిరంలో రామ భజన జరిగే రోజున పడక మీద పడుకుని ఆ పాటలు పెదాల్తో పాడుకున్నాను.

పి.ఎ.ఎస్. మాత్రం నర్సు సిస్టర్ ఎదురుగా తాగాల్సిందే. "నోరు తెరువు. నాలుక ఎత్తు." వాంతయితే మళ్ళీ కలిపి ఇచ్చేది. రెండో నెలలో ఒక పొద్దున మంచం దిగితే నేల పక్కకు ఒరిగింది. పడిపోయాను. ఎడమ చెవిలో ఈల మొదలైంది. ఫిలావో చెట్లేమో అనుకున్నాను గానీ కిటికీలు మూసినా ఆగలేదు. అది స్ట్రెప్టోమైసిన్ వల్ల అని డాక్టరు ఆ ఇంజెక్షను ఆపేశారు. ఆ చెవి సగమే పని చేస్తుంది, ఇప్పటికీ.

అన్న నెలకోసారి వచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు పాప సంగతి చెప్పాడు. చేతి మీద సూదితో టెస్టు చేశారు, అది ఎర్రగా పొంగింది. ఎక్స్-రేలో చిన్న మచ్చ. "ప్రైమరీ అన్నాడు దొక్తెర్. తొందరగా దొరికిందట. ఐ.ఎన్.హెచ్. ఏడాది తాగిస్తే సరిపోద్దట" అన్నాడు. టోపీ చేతుల్లో తిప్పుతూ మళ్ళీ, "తాగుతోంది. బాగానే ఉంది" అన్నాడు.

"వదిన?"

"పనులున్నాయి కదా" అన్నాడు. వదిన ఒక్కసారి కూడా రాలేదు. అమ్మ ఒకసారి వచ్చి వరండా మెట్ల దగ్గరే నిలబడింది. డబ్బాలో పులిహోర తెచ్చింది. ఎంత తిన్నానో చూసి వెళ్ళిపోయింది.

నాలుగో నెలలో ఎదుటి పడక ఖాళీ అయింది. రోజ్‌లీన్‌ను స్ట్రెచర్ మీద తెచ్చారు. నడిచి రాలేకపోయింది. ఇప్పుడు రెండు వైపులా ఉందని నర్సులు అనుకుంటుంటే విన్నాను. వారం రోజులు ఆవిడ నా వైపు చూడలేదు. నేను లెక్క వేసుకోకుండా ఉండలేకపోయాను. విజిటర్ మొదటిసారి వచ్చిన రోజే నేను నిజం చెప్పి ఉంటే అంతకుముందే ఖాళీ అయిన పడక మీదికి వచ్చేదాన్ని, నాకొచ్చిన ఈ పడక ఆవిడది అయ్యేది.  మా అబద్ధం వల్ల పోయిన నెలలు మా ఇంట్లోవే కావు. వరసలో ఒకరు తప్పుడు చోట నిలబడితే వెనకా ముందూ అందరూ జరుగుతారు.

ఎనిమిదో రోజున ఆవిడే మాట్లాడింది. "ఏం, కిటికీ రాణీ? నీకు చివరికి నిజం కిటికీయే ఇచ్చారే." నేను లేచి వెళ్ళి ఆవిడ పక్కన కుర్చీలో కూర్చున్నాను. క్షమించమని అడగాలనుకున్నాను. "వద్దు" అంది, నేను నోరు తెరవకముందే. "ఆ మాటతో నాకు గాలి రాదు. నీళ్ళివ్వు." ఇచ్చాను. ఆ తర్వాత రోజూ ఇచ్చాను. ఒక్కరోజు కూడా థాంక్స్ చెప్పలేదు. అది నాకు హాయిగా ఉండేది.

మూడుసార్లు వరసగా స్ప్యూటమ్ నెగెటివ్ వచ్చాక, తొమ్మిదో నెలలో నన్ను పంపించారు. మాత్రలు ఇంకో ఏడాది ఇంట్లో వాడాను. ఈసారి ఒక్క పూట కూడా మానలేదు. రోజ్‌లీన్ నా తర్వాత ఏడాదికి బయటపడింది. ఒక ఊపిరితిత్తి మాత్రమే సరిగ్గా పని చేస్తుంది. ఉతికే పని ఇక చేతకాదు. రోజ్ హిల్‌లో చెల్లెలి దగ్గర, పిల్లల దగ్గర ఉంది. నేను క్రియోల్‌లో ఉత్తరాలు రాస్తాను, ఆవిడ పెద్దకూతురు చదివి వినిపిస్తుంది. జవాబులు పొట్టిగా వస్తాయి. అన్నింటిలోనూ ఏదో ఒక ఎగతాళి ఉంటుంది.

ఇప్పుడు దేశం మనది అంటున్నారు. ఫ్లాక్ క్లినిక్‌లో పుస్తకం కొత్తది. పడకలు కొన్ని పెరిగాయని విన్నాను. వరస మాత్రం ఇంకా ఉంది. ఎప్పటికీ ఉంటుందేమో. అందరికీ సరిపడా ఉన్న రోజు వస్తే తప్ప ఎవరో ఒకరు పుస్తకం ముందు కూర్చుని ఒక పేరు పైన ఇంకో పేరు రాయాల్సిందే. వాళ్ళు రాసేది మనం చెప్పినదాన్ని బట్టే.

నేను మళ్ళీ మా ఇంట్లోనే ఉన్నాను. ఒంట్లో బాగుంది. నాతో ఎవరూ చెప్పకపోయినా నా కంచం నేనే వేరుగా కడుక్కుంటాను. తెలుగు బడిలో గురువుగారు నన్ను మళ్ళీ పాఠం చెప్పడానికి నిలబెట్టారు. మొదటి వారం ముగ్గురు పిల్లలే వచ్చారు. ఇప్పుడు తొమ్మిదిమంది వస్తున్నారు. పెళ్ళి మాట ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తను. రోజుల్లో ఎక్కువ భాగం చదువుకుంటూ ఒక్కదాన్నే గడుపుతాను.

పాపకు నాలుగేళ్ళు నిండాయి. ఛాతీలో మచ్చ గట్టిపడి మానిపోయింది. నన్ను అత్తా అని పిలుస్తుంది. ఒళ్ళోకి ఎక్కుతుంది. ఎక్కువసేపు కూర్చుంటే పొయ్యి దగ్గర నుంచి వదిన ఏదో పని మీద పిలుస్తుంది. పిలవడం న్యాయమే. మేమిద్దరం ఉప్పు గురించీ, వాన గురించీ మాట్లాడుకుంటాం.

ఇది చదివేవాళ్ళలో ఎవరింటికైనా రేపు ఒక విజిటర్ రావచ్చు. ఇల్లు ఊడ్చుకోండి, కానీ ఎవరు ఎక్కడ పడుకుంటారో ఉన్నదున్నట్టు చెప్పండి. నోరు రాకపోతే రాసి ఇవ్వండి, డాక్టర్లు చదువుతారు. దాని కంటే ముందు చెయ్యాల్సింది ఒకటుంది. నేను చెయ్యనిది అదే. జబ్బు పేరు తెలిసిన రోజునే, మీ పక్కన పడుకునే మనిషికి చెప్పండి.